ఇస్తికానా లెక్క

రాత్రి పదకొండుకి కాటా చచ్చిపోయింది.
అద్దంలో అంకె రెండుసార్లు మినుకుమనింది, అంతే.
జహ్రాలో ఆ టైముకి బ్యాటరీలు దొరకవని కాదు,
బయటికి పోయేదానికి నాకు తలుపు లేదు.

దలాల్ మేడమ్ ఫోన్లో పంపిన లెక్క:
మైదా రెండు వందల యాభై గ్రాములు,
చక్కెర రెండు వందలు, గుడ్లు ఆరు,
కుంకుంపువ్వు కొంచెం.
అందులో నాకు తెలిసిన కొలత 'కొంచెం' ఒక్కటే.
తెల్లారితే శుక్రవారం, ఇరవై మంది భోజనానికి.
గెర్స్ అగేలి కేకు కుదరకపోతే
మామా షరీఫా అరవదు.
"మునుపటి మాదిరి లేదు" అని
పళ్లెం పక్కకి జరుపుతుంది.
మూడేండ్లుగా జరుపుతానే ఉంది.

రాయచోటి పక్క మా పల్లెలో
సేరంటే తూకమా కొలతా అని ఎవురూ అడగలేదు.
బెల్లానికి సేరు తూకం, సద్దలకి సేరు కొలత,
మాట ఒకటే, ఇత్తడి వేరు.
మా చిన్నత్త ఈశ్వరమ్మ అంగట్లో
గిరాకీకి తల కొట్టి పోసేది,
మనసైనోళ్లకి గోపురం కట్టి పోసేది.
ఆ రెంటి నడుమ గుప్పెడు
ఏ కాటాకీ ఎక్కలేదు.

ఇక్కడ చేతికి దొరికింది ఇస్తికానా.
మామా షరీఫా టీ తాగే బుల్లి గాజుగ్లాసు,
సన్నటి నడుము, అంచు మీద
సగం చెరిగిన బంగారు గీత.
అర్ధకిలో మైదా పొట్లం కత్తిరించి
గ్లాసు ముంచి, కత్తి ఈపుతో తల కొట్టి
గిన్నెలోకి వంచినా.
తొమ్మిది.
దట్టించి చూసినా, ఏడు, ఇంగా కొంచెం.
జల్లించి చూసినా, పది దాటింది.
అదే పొట్లం, అదే గ్లాసు, అదే చెయ్యి.
నిద్రపోయే పిండి ఒకటి, లేచి కూచున్న పిండి ఒకటి.

రవ్వ ఏడు.
ఉప్పు నాలుగుకే అయిపాయ, పిసినారిది.
చక్కెర ఆరుకి ఒక వేలెడు తక్కువ.

మర్చిపోకముందే రాసుకుందామని
అలమారా తలుపు లోపలి పక్క
మసాలా డబ్బాలు జరిపి పెన్సిల్ ఎత్తితే
ఆడ ముందే రాసుంది.

ఏ భాషో తెలీదు. గుండ్రంగా, తోకలతో,
మన అక్షరాలకి దూరపు చుట్టాల మాదిరి.
పక్కన గీతలు మాత్రం చదివినా.
తొమ్మిది గీతలు. ఏడు గీతలు. నాలుగు.
నాకు ముందు ఈ వంటింట్లో ఎవురో
ఇదే గ్లాసు పట్టుకుని
ఇట్లనే ఒక రాత్రి నిలబడింది.
ఎవురని అడిగినా మామా షరీఫాకి పేరు రాదు.
రెడ్డెమ్మనే 'రదీమా' అంటుంది నన్ను.

కడాన ఒక వరస. అక్షరాల్లేవు,
చిన్న చీమ బొమ్మ.
చీమ పక్కన గీతలు ఏడు.

ఏడెట్లా? మళ్లీ పోసినా చక్కెర.
ఆరుకి తక్కువే.
ఆమె గ్లాసు నిండకముందే వంచిందో,
నిద్రమత్తులో గీత ఎక్కువ గీసిందో.
ఆ లెక్కన పోస్తే కేకుకి
అర గ్లాసు తీపి ఎక్కువ పడుతుంది.

పొయ్యి దగ్గర చానాసేపు నిలబడినా.
తర్వాత చీమ చెప్పినట్టే పోసినా.

శుక్రవారం మధ్యాహ్నం మామా షరీఫా
ఏమీ అనలేదు.
పళ్లెంలో మిగిలిన నువ్వుల్ని
తడి వేలితో ఏరుకుని తినింది.

సాయంత్రం దలాల్ మేడమ్ బ్యాటరీలు తెచ్చింది.
కాటా లేచి సున్నా చూపించింది.
కడిగిన ఇస్తికానా దాని మీద పెట్టినా, ఖాళీది.
తొంభై మూడు గ్రాములు.
తలుపు మీద ఆ అంకె యాడా లేదు.
ఆమె ఏడో గీత కొట్టెయ్యకుండా
దాని కింద రాసినా.